ఉడుకునీళ్ల కిటికీ

మొఘల్‌పురాకు చేరుకున్నది 0620 గంటలకు. జనవరి మూడో వారం. పల్చటి మంచు. ఆటో గల్లీ మొదట్లోనే ఆగింది, లోపల తిరగడానికి చోటు లేదు. అక్కడి నుంచి మా తలుపుకు నూట నలభై అడుగులు. లెక్కపెట్టడం అలవాటు. వీపు మీద ఫౌజీ సంచి. అందులో బట్టలు తక్కువ. ఒక టెస్టరు, ఒక మల్టీమీటరు, రెండు పానాలు, టెఫ్లాన్ టేపు, రబ్బరు చేతి తొడుగులు.

నేను అప్పుడు హవల్దారును. ఉత్తరాన ఒక మంచు పోస్టులో కరెంటు, నీళ్లు నా బాధ్యత. ఒక జనరేటరు, మంచు కరిగించే ఒక డ్రమ్ము, ఇరవై ఆరు మందికి రోజూ తలా ఒక మగ్గు వేడినీళ్లు. సెలవు ఎందుకని కంపెనీ కమాండర్ అడిగాడు. "ఇంట్లో గీజరు చెడిపోయింది సాబ్" అన్నాను. ఆయన నవ్వలేదు. పదిహేను రోజులు రాసిచ్చాడు. రానుపోను ఆరు. చేతిలో మిగిలినవి తొమ్మిది.

సరిహద్దు గురించి చెప్పమని అందరూ అడుగుతారు. చెప్పాను. ఈ తొమ్మిది రోజుల గురించి ఎవరూ అడగలేదు. నా సర్వీసు మొత్తంలో పని పూర్తి చేసి కూడా తలెత్తుకోలేకపోయింది ఈ ఒక్కసారే.

అక్క తలుపు తీసింది. నాకంటే ఐదేళ్లు పెద్ద. ఒక బడి ఆఫీసులో గుమాస్తా. వచ్చిన సంబంధాలేవీ మా ఇంటికి తగవని నాన్న తిప్పి పంపాడు. ఆయన పోయాక తిప్పి పంపడానికి సంబంధాలు రాలేదు.

"గీజరు కోసం గింత దూరం ఒచ్చినవా?"

"నాలుగు నెలల సంది చన్నీళ్లు పోసుకుంటున్నవు గదా."

ఆమె నా సంచి అందుకుని గోడ పక్కన పెట్టింది. చాయ్ పెట్టడానికి వెళ్లింది.

ఆ ఇంటి గురించి చెప్పాలి. మా ముత్తాత ఒక జాగీరుకు పేష్కారు, లెక్కలు, కాగితాలు చూసేవాడు. మా దేవిడీ, ఆ పాత బంగళా, నలభై గదులదని అంటారు. నేను ఎరిగినవి పదకొండు. ఇప్పుడు మూడు. మిగతా స్థలంలో ఫంక్షన్ హాలు లేచింది. మాకు మిగిలిన మూడింటిలో ఒకటి హమాం గది. అందులో నిలువెత్తు రాగి హమాం ఉండేది. కింద కట్టెల మంట, పైన నీళ్లు. గల్లీ వైపు గోడకు నడుమెత్తున ఒక చిన్న కిటికీ. చెక్క తలుపు, బయట ఒక రాతి పలక. చలికాలం పొద్దున గల్లీలో ఎవరికి ఉడుకునీళ్లు కావాలన్నా, బాలింతకు గానీ పసిబిడ్డకు గానీ జ్వరం మనిషికి గానీ, ఆ పలక మీద గిన్నె పెట్టి మూడుసార్లు తలుపు కొడితే చాలు. లోపలి నుంచి మా వాళ్లు నింపి ఇచ్చేవాళ్లు.

కిటికీని అంత కింద కట్టింది కావాలనే. చేతులు, గిన్నె కనిపిస్తాయి గాని మొహం కనిపించదు. ఎవరు అడిగారో మాకు తెలియకూడదు. అక్కడ మాట్లాడకూడదు. ఇంకో కట్టడి కూడా ఉండేది. గోరువెచ్చని నీళ్లు ఇవ్వకూడదు. పొగలు రావాలి. చిన్నప్పుడు చెంబు అందించడం నా డ్యూటీ. గాజులు, ఉంగరాలు చూసి అవి ఎవరి చేతులో చెప్పేసేవాణ్ని. నాన్న చెవి పిండేవాడు.

ఆయన కాలంలోనే హమాం బేగంబజార్‌కు తూకానికి పోయింది. దాని చోట గోడకు ఇరవై ఐదు లీటర్ల గీజరు వచ్చింది. కిటికీ మూతబడింది. అలా అనుకున్నాను.

రెండో రోజు, 0455. మెలకువగానే ఉన్నాను. పోస్టులో ఆ వేళకు కాపలా మారుతుంది. చెక్క మీద మెల్లగా మూడు దెబ్బలు వినిపించాయి.

లేచి చూశాను. అక్క హమాం గదిలో, ఇప్పుడు అదే మా స్నానాల గది, పీట మీద కూర్చుని ఉంది. లైటు వేయలేదు. కిటికీ తలుపు తీసింది. బయటి నుంచి రెండు చేతులు వచ్చాయి. ఆకుపచ్చ గాజులు, ఎడమ బొటనవేలి మీద పాత కాలిన మచ్చ. గుడ్డ చుట్టిన చిన్న స్టీలు బిందె, పొగలు. అక్క నీళ్లు బకెట్టులో వంచుకుని బిందె తిరిగి ఇచ్చింది. ఆ చేతులు వెంటనే వెళ్లలేదు. బిందెను పక్కన పెట్టి రాతి పలక మీద ఆనాయి. అక్క చేతులు ఇవతలి అంచు మీద ఉన్నాయి. అలాగే ఉండిపోయాయి. ఒక నిమిషం కావచ్చు. తర్వాత గాజులు కదిలాయి. చేతులు వెళ్లిపోయాయి.

"ఎన్ని దినాల సంది నడుస్తుంది ఇది?" అన్నాను.

అక్క ఉలిక్కిపడలేదు. "గీజరు పోయినప్పటి సంది. ఒకనాడు పొద్దున చన్నీళ్లు పోసుకొని ఒకటే దగ్గుతున్న. గల్లీలకు ఇనవడ్డట్టుంది. తెల్లారి ఎవరో కొట్టిన్రు."

"ఎవరు?"

"నాకేమెరుక. చేతులే కద కనవడేటివి."

"అడగలేదా?"

"గీ కిటికీ కాడ అడుగుతరా? నాయిన నీ చెవి ఊకెనే పిండెనా?"

"గ్యాసు పొయ్యి ఉంది కద అక్కా. ఒక గిన్నె కాసుకోరాదా?"

అక్క బకెట్టు దగ్గరికి లాక్కుంది. గది తలుపు దగ్గరికి వేసుకుంది. ఆ ప్రశ్న దగ్గరే నేను ఆగాల్సింది. ఆగలేదు.

ఆమె స్నానం చేసి వచ్చాక చెప్పాను. "ఆ కిటికీ ఇయ్యనీకి కట్టిన్రు, తీసుకోనీకి కాదు. గీజరు అయ్యేదాంక నేను గ్యాసు మీద కాసిస్త. ఇగ అది తెరిచేది లేదు."

ఇనుప గడియ వేశాను. తుప్పు పట్టి ఉంది. పానాతో నాలుగు దెబ్బలు కొడితే గాని దిగలేదు. అక్క చూస్తూ నిలబడింది.

"నీదే హుకుం," అంది. "ఫౌజీవి."

మూడో రోజు 1000 గంటలకు మెకానిక్ వచ్చాడు. మా గల్లీ చివరి ఇంటివాడే. నాకంటే పదేళ్లు చిన్న. వాళ్ల తాత మా హమాంకు కట్టెలు కొట్టేవాడు. అతను గుమ్మంలో నిలబడి లోపలికి రావాలా వద్దా అన్నట్టు అక్క వైపు చూశాడు.

"నేను మూడు మాట్ల ఒచ్చిన అన్నా. అక్క తలుపు కాడనే ఆపింది. ఇప్పుడు తీర్లేదు, మళ్ల రా అన్నది. అప్పుడైతె ఒక్క కాయిల్ మార్చుడే. ఆధా ఘంటే కా కామ్, అరగంటల అయిపోతుండె."

అక్క బడికి పోయే బ్యాగు సర్దుకుంటోంది. తల ఎత్తలేదు. పరువు అనుకున్నాను. మూడు గదుల్లో ఏమీ మిగల్లేదని బయటి మనిషి చూడకూడదని ఆపింది అనుకున్నాను. నేనైనా అదే చేసేవాణ్ని.

గీజరు కింది నట్లు విప్పాం. కాయిల్ చుట్టూ బోరు నీళ్ల ఉప్పు బొటనవేలంత మందాన పేరుకుంది. ట్యాంకు అడుగు తుప్పు తిని చెమరుస్తోంది. మల్టీమీటరు పెట్టి చూశాను. ఇంటికి ఎర్తింగ్ లేదు. కాయిల్ పగిలి ఉంది, స్విచ్ వేస్తే కరెంటు నీళ్లలోకే పోతుంది.

"అక్క నసీబు మంచిది," అన్నాడు మెకానిక్. "ఇది నడిచి ఉంటె నల్లా ముట్టుకుంటెనే కొట్టేది."

"తీసెయ్యి. కొత్తది పెడదాం."

"నట్టు మీద గంత జోరు చెయ్యకు ఫౌజీ అన్నా. గిది దుష్మన్ కాదు, గీజరు. ప్యార్‌సే ఇప్పాలె."

నాలుగో రోజు వాకిట్లో ఎర్తు గొయ్యి తవ్వాను. ఒక్కణ్నే. రెండు అడుగుల తర్వాత పాత బండ తగిలింది. దాని పక్కన మట్టి గొట్టాలు, హమాం నీళ్లు బయటికి పోయే దారి. వాటిని పగలగొట్టలేదు. పక్కకు జరిగి మళ్లీ మొదటి నుంచి తవ్వాను. ఆరు అడుగులు దిగేసరికి ఐదో రోజు 1530 అయింది. ఇనుప పైపు నిలబెట్టి, ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు వేసి, నీళ్లు పోసి మట్టి కప్పాను.

ఆరో రోజు నడిచి బేగంబజార్ వెళ్లాను. గీజరు, రాగి తీగ, పొడుగు బోల్టులు కావాలి. గిన్నెల దుకాణాల వరసలో ఒకచోట తళతళా తోమిన రాగి హమాం బయట నిలబెట్టారు. ఆగాను.

"హోటలోళ్లు కొంటరు సాబ్, గేట్ కాడ పెట్టనీకి," అన్నాడు దుకాణదారు. "మీకు గావాల్నా?"

"వద్దు. మా ఇంట్ల ఉండె."

"అందరిండ్లల్ల ఉండె సాబ్," అని ఆయన ఇంకో బేరం వైపు తిరిగాడు.

ప్రతి రోజూ 0455కు మూడు దెబ్బలు పడ్డాయి. మూడో రోజు, నాలుగో రోజు, ఐదో రోజు. తేడా లేదు. నేను గ్యాసు పొయ్యి దగ్గర నిలబడి ఉండేవాణ్ని. అక్క పీట మీద కూర్చుని గడియ వైపు చూసేది. బయట కాసేపు ఏమీ వినిపించేది కాదు. తర్వాత గాజులు, ఆ తర్వాత చెప్పుల చప్పుడు, మా తలుపు దాటి ఎడమకు. ఆరో రోజు అక్క అడిగింది.

"ఒద్దని ఒక్క మాటన్న చెప్పొద్దారా? చలిల ఒస్తుంది ఆమె."

"కిటికీ కాడ మాట్లాడరు," అన్నాను.

ఆమె మాటే ఆమెకు తిప్పి ఇచ్చాను. అక్కకు దగ్గు వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుంది. నేను కాచిన నీళ్లు బకెట్టులో పోశాను. పొగలు వస్తున్నాయి. నా పని నేను చేస్తున్నాను అనుకున్నాను.

ఏడో రోజు గోడతో పోయింది. పాత డంగు సున్నం గోడ. బోల్టు కొడితే పిండిలా రాలింది. మూడు చోట్ల కొట్టి చూశాం. చివరికి గోడకు అటునుంచి ఇటు బెజ్జం వేసి, అవతల ఇనుప పట్టీ పెట్టి బిగించాం. ఎనిమిదో రోజు 1640కి గీజరు గోడ మీద నిలిచింది. నల్లా ముట్టుకున్నాను. కరెంటు లేదు. లైటు ఎర్రగా వెలిగి, నీళ్లు కాగాక ఆరింది.

"ఇగ పదేండ్లు ఫికర్ లేదు," అన్నాడు మెకానిక్. అక్క అతనికి చాయ్ ఇచ్చింది. నాలుగు నెలల్లో ఆ ఇంట్లో కూర్చుని చాయ్ తాగిన బయటి మనిషి అతనే అయి ఉండాలి.

ఆ సాయంత్రం రాగి బిందె అటక మీంచి దింపాను. హమాం నాటిది. చింతపండు, ఉప్పు పెట్టి తోమాను.

"ఎందుకు?" అంది అక్క.

"రేపు పొద్దున కిటికీ తీస్త. మనమిచ్చినంక పోత."

ఆమె మొహం మారింది. వచ్చినప్పటి నుంచి నేను చూడని మొహం. "తీస్తవా?" అంది. బిందె నా చేతిలోంచి తీసుకుని మళ్లీ ఒకసారి తనే తోమింది.

తొమ్మిదో రోజు. బండి 0915కి. 0430కి లేచి గీజరు స్విచ్ వేశాను. పోస్టు అలవాటు కొద్దీ ముందే వేయాల్సింది. ఆ చలికి ఇరవై ఐదు లీటర్లు ఇరవై ఐదు నిమిషాల్లో కాగవు. ఇది లెక్క తెలిసిన వాడి తప్పు. అక్క ఉతికిన చీర కట్టుకుని పీట మీద కూర్చుంది.

0455. మూడు దెబ్బలు.

నల్లా కింద చేయి పెట్టాను. గోరువెచ్చగా ఉన్నాయి. లైటు ఎర్రగా ఉంది.

"తియ్యిరా," అంది అక్క.

"ఒక్క నిమిషం. ఇంక కాగలే."

"నీళ్లు కాదురా. తలుపు తియ్యి."

నేను లైటు వైపే చూస్తున్నాను. అరకాగిన నీళ్లు ఆ కిటికీ లోంచి ఎప్పుడూ పోలేదు. నా చేతి మీదుగా మొదలుపెట్టను అనుకున్నాను. అక్క లేచి గడియ పట్టుకుంది. తుప్పుకు కదల్లేదు. పానా నా దగ్గర ఉంది.

0506కు లైటు ఆరింది. రాగి బిందె నింపాను. పొగలు. పానాతో రెండు దెబ్బలు, గడియ వచ్చింది. కిటికీ తెరిచాను.

ఎవరూ లేరు. మంచు, గల్లీ దీపం. రాతి పలక మీద గుండ్రటి తడి మచ్చ ఉంది, చిన్న స్టీలు బిందె అడుగంత. అరచేయి పెట్టాను. వెచ్చగా ఉంది.

రాగి బిందె ఆ మచ్చ మీద పెట్టాం. 0540 వరకు ఇద్దరం కూర్చున్నాం. పొగలు తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి.

"రేపు వస్తది," అన్నాను. "తెరిచి పెట్టు."

"తెరిచి ఏమనాలె?" అంది అక్క. కోపం లేదు గొంతులో. "ఉడుకునీళ్లు ఉన్నయి మనింట్ల. మెకానిక్ గల్లీ అంతా చెప్పే ఉంటడు. ఇగ ఎందుకొస్తది ఆమె?"

గ్యాసు మీద ఎందుకు కాసుకోలేదో, మెకానిక్‌ను మూడుసార్లు ఎందుకు పంపేసిందో, అప్పుడు అర్థమైంది. సంచి భుజాన వేసుకున్నాను. గల్లీ మొదటి వరకు అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో తప్పాను.

బయల్దేరాక మూడో రోజు 1420కి పోస్టుకు చేరాను. రేడియో ఆపరేటరు నిజామాబాద్ వైపు వాడు. అక్కడ తెలుగు మాట్లాడే ఇంకొక్కడు అతనే. హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి జరిపాడు.

"ఉస్తాద్, గీజర్ రిపోర్టు చెప్పు."

"పని చేస్తుంది."

"అక్క ఖుష్?"

చేతి తొడుగులు వేసుకుంటున్నాను. "పని చేస్తుంది," అన్నాను మళ్లీ. అతను హెడ్‌ఫోన్ సర్దుకున్నాడు.

ఆదివారాలు ఇంటికి ఫోన్ దొరికేది. "కొట్టిన్రా?" అని అడిగేవాణ్ని. "లేదు" అనేది అక్క. నాలుగో ఆదివారం నుంచి అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. గీజరు గురించి అడిగితే మంచిగున్నదని చెప్పేది.

ఆ చలికాలమంతా పోస్టులో వంటవాడు పొద్దున చాయ్ కెటిల్ తెచ్చి బంకరు బయట మంచు మీద పెట్టేవాడు. ఎత్తితే కింద గుండ్రటి మచ్చ. కాసేపట్లోనే గడ్డకట్టేది. అది గడ్డకట్టకముందే నేను తొడుగు తీసి అరచేయి పెట్టేవాణ్ని. వంటవాడు చూసేవాడు. ఏమిటని అడగలేదు.