పురుగులకు ఆకు వేసిన రోజు

నా చిన్నప్పుడు, ఏడో తరగతిలో ఉండగా, లెక్కల పరీక్షలో నంబరు మాత్రం వేసి తెల్ల కాగితం ఇచ్చి వచ్చాను. లెక్కలు రాక కాదు. ముందురోజు సాయంత్రం అవే లెక్కలు ఇంట్లో గబగబా చేసినదాన్నే. ప్రశ్నపత్రం చేతికి రాగానే అరచేతులు చల్లబడ్డాయి, అచ్చు అక్షరాలు చీమల్లా కదలడం మొదలుపెట్టాయి. గంట కొట్టేదాకా అలాగే కూర్చుని లేచి వచ్చేశాను.

అది పబ్లిక్ పరీక్షకు ముందు బడిలో పెట్టే పరీక్ష. తొంభైల మొదట్లో సంగతి. అప్పట్లో ఏడో తరగతికి కూడా పబ్లిక్ పరీక్ష ఉండేది. మాది పెనుకొండకూ హిందూపురానికీ మధ్య ఒక చిన్న ఊరు. ఆడపిల్ల ఒకసారి తప్పితే మళ్లీ బడికి పంపే ఇల్లు ఆ ఊళ్లో ఒక్కటి కూడా లేదు. నాయన చెడ్డవాడేం కాదు. కానీ ఆ తెల్ల కాగితం సంగతి తెలిసినప్పుడు మాత్రం తేల్చి చెప్పేశాడు. "పెద్ద పరీక్ష పాసైతే సరి. లేకుంటే చదివింది చాలు, మీ అత్తతో పాటు పురుగుల పని చూసుకో."

పురుగులంటే పట్టుపురుగులు. మా మేనత్త వాటిని పెంచేది. ఆమెను కర్ణాటక సరిహద్దున అమరాపురంలో ఇచ్చారు. మామ పోయాక మా ఇంటికే వచ్చేసి, పెరట్లో పురుగుల కోసం ఒక గది కట్టించుకుంది. ఆమె మాటల్లో సగం కన్నడమే. ఎవరైనా హైరానా పడుతుంటే "సుమ్మనే ఉండు" అనేది, ఊరికే ఉండమని. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. పరీక్ష నెల రోజుల్లోకి వచ్చాక ఊరికే ఎలా ఉంటారు?

నేను ఊరికే ఉండలేదు. అసలే మొండిదాన్ని. తెల్లవారక ముందే లేచి పుస్తకాలు ముందేసుకునేదాన్ని. ఒకటి తెరిస్తే మిగతావి మరిచిపోతానేమోనని అన్నీ ఒకేసారి తెరిచి పెట్టుకునేదాన్ని. సంగటి ముద్ద ముందు పెట్టుకుని కూడా సూత్రాలు వల్లించేదాన్ని, ముద్ద చల్లారిపోయేది. చదివేకొద్దీ వచ్చింది కూడా పోతున్నట్టు ఉండేది. ఇంట్లో అందరూ చదువు, చదువు అనేవారే. ఎలా ఉన్నావని అడిగినవారు లేరు.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు సరిగ్గా ఆ వారమే ధర్మవరంలో దగ్గరి చుట్టం పోయారని కబురొచ్చింది. అమ్మా, నాయనా, అత్తా ముగ్గురూ బయల్దేరారు. ఇంట్లో నేనూ, చూపు ఆనని మా అవ్వా మిగిలాం. పురుగుల బాధ్యత నా మీద పడింది.

పట్టుపురుగు పెరిగే లోపల నాలుగుసార్లు తిండి మానేస్తుంది. మా వైపు దాన్ని జ్వరానికి కూర్చోవడం అంటారు. తల పైకెత్తి, ఉన్నచోటే కదలకుండా ఒక పగలూ ఒక రాత్రీ ఉండి, పాత తోలు విడిచి లేస్తుంది. ఆ సమయంలో ఆకు వేయకూడదు. వేస్తే పురుగులు ఆకు కింద పడిపోయి, తేమకు రోగం తగులుతుంది. మా ఇంట్లో ఇది చంటిపిల్లకు కూడా తెలిసిన సంగతి. అయినా అత్త వెళ్తూ వెళ్తూ మళ్లీ చెప్పింది. "కూర్చుంటాండాయి పాపా. ఆకు ముట్టద్దు. సుమ్మనే ఉండు, రేపు పొద్దున వస్తా."

మామూలు రోజుల్లో అవి ఆకు తింటుంటే చినుకులు పడుతున్నట్టు సవ్వడి వచ్చేది. ఆ మధ్యాహ్నం గదిలో చప్పుడే లేదు. చదువుతూ చదువుతూ లేచి వెళ్లి చూశాను. మళ్లీ వెళ్లాను. ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు. తట్టల నిండా తలలు పైకెత్తుకుని నిలిచిపోయిన పురుగులు. అక్కడక్కడా ఒకటీ రెండూ ఇంకా పాకుతున్నాయి. వాటికి ఆకలేమో అనిపించింది. తర్వాత అన్నిటికీ ఆకలేమో అనిపించింది. చచ్చిపోతే నా వల్లే చచ్చిపోయాయంటారు. పరీక్షలో వచ్చిన చల్లదనమే మళ్లీ అరచేతుల్లోకి వచ్చింది. తడిగుడ్డ కింద దాచిన మల్బరీ ఆకు గంపతో తెచ్చి తట్టలన్నిటి మీదా పరిచేశాను. చేయకూడదని తెలిసే చేశాను. చేసిన కాసేపు మనసు ఎంత తేలికపడిందో చెప్పలేను.

మర్నాడు పొద్దున అత్త వచ్చింది. చావింటి నుంచి వచ్చింది కనుక తలస్నానం చేసి గదిలోకి వెళ్లింది. తట్టలు చూసి బయటకు వచ్చి, తొట్టి దగ్గర నిలబడి మళ్లీ చేతుల మీద నీళ్లు పోసుకుంది. చాలాసేపు పోసుకుంది. శుభ్రం కోసమే అనుకున్నాను అప్పుడు. ఆ పంట మీద ఆమె ఎంత ఆశ పెట్టుకుందో నాకేం తెలుసు? కొట్టకుండా ఉండటానికీ, ఏడవకుండా ఉండటానికీ ఆమెకు అన్ని నీళ్లు కావలసి వచ్చాయి. తర్వాత నన్ను లోపలికి రమ్మంది.

వేసిన ఆకంతా తీయాలి, అదీ ఒక్కొక్కటిగా. కూర్చున్న పురుగు సన్నని పట్టుపోగుతో తన కాళ్లను కింద అతికించుకుని ఉంటుంది. ఆకుతో పాటు దాన్నీ లాగితే తోలు చినిగిపోతుంది. నా మొదటి ఆకుకే రెండు పురుగులు చినిగాయి. నా వేళ్లు అంతగా వణుకుతున్నాయి. ఏడుపు ముంచుకొచ్చింది. చేతులు వణుకుతున్నాయి అత్తా, నా వల్ల కాదు అన్నాను.

"వణకనీ," అంది అత్త తన తట్ట మీంచి తల ఎత్తకుండా. "అదెప్పుడు ఆగుతాదని చూస్తాండావు? గదంతా చూడద్దు. ఆ ఒక్క ఆకు చూడు. దాన్ని తీయి."

తీశాను. తర్వాత దాని పక్కది తీశాను. ఒక తట్ట అయ్యేసరికి ఎండ గుమ్మం దాటింది. వణుకు ఎప్పుడు ఆగిందో గమనించనే లేదు. అన్ని తట్టలూ అయ్యాక తేమ పీల్చుకోవడానికి సున్నం పొడి చల్లి, ఇద్దరం గుమ్మంలో కూలబడ్డాం. ఆకలవుతాందని వేసినావా అని అడిగింది అత్త. అబద్ధం చెబుదామని నోరు తెరిచాను కానీ రాలేదు. భయమేసి వేశానన్నాను. ఆమె తల ఊపింది. "పుస్తకాలు కూడా అట్లే చదువుతాండావు," అంది.

ఆ పంటలో రెండు తట్టల పురుగులు పోయాయి. హిందూపురం మార్కెట్టుకు ఆసారి పట్టుగూళ్లు తక్కువే వెళ్లాయి. నాయన అడిగితే, తడి ఆకు నేనే వేసినాలే అని తన మీద వేసుకుంది.

ఆ రోజు నుంచి నా చదువు అత్త చేతిలోకి వెళ్లిపోయింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. ముందు ఒక్క పుస్తకమే ఉండాలంది. పొద్దు వాలితే అది కూడా మూసి, తనతో ఆకు కోతకు రావాలంది. పరీక్షలు పెట్టుకుని తోటకు తిప్పుతావేమక్కా అని నాయన గొణిగాడు. "పాప తల నిండా నీ మాటలే ఉండాయి. లెక్కలకు చోటు యాడుండాదిరా?" అంది. తోట నుంచి వచ్చాక లెక్కల పుస్తకం ఎక్కడో ఒకచోట తెరిచి, చదవడం రాకపోయినా ఏదో ఒక లెక్క మీద వేలు పెట్టేది. రోజూ చేతులు చల్లబడేవి. రోజూ "వణకనీ" అనేది. నేను పళ్లు బిగించి ఆ ఒక్క లెక్క చేసేదాన్ని.

పెనుకొండలో పరీక్ష. ప్రశ్నపత్రం రాగానే మామూలుగానే అక్షరాలు కదిలాయి. పెన్ను కింద పెట్టి, రెండు అరచేతులూ బల్ల మీద ఆనించాను. వణికాయి. వణకనిచ్చాను. పైనుంచి కిందికి చూసి, నాకు వచ్చిన లెక్క ఒక్కటి వెతుక్కున్నాను. దీర్ఘచతురస్రం వైశాల్యం. అది చేశాను. తర్వాత ఇంకొకటి. కొన్ని మిగిలిపోయాయి, గంట కొట్టేశారు. నలభై ఒక్క మార్కులు వచ్చాయి. ఎనిమిదో తరగతి పుస్తకాలు నాయనే తెచ్చి నా చేతికిచ్చాడు.

ఇప్పుడు నేను హిందూపురంలో పిల్లలకు పాఠాలు చెబుతాను, అదీ లెక్కలే. పరీక్షల ముందు ఏడ్చే పిల్లలకు భయపడొద్దని మాత్రం ఎప్పుడూ చెప్పను. చెబితే పోయేదైతే నాకే ఎప్పుడో పోయేది. మొన్నీమధ్య మా ఆయనకు ఆపరేషన్ అంటే ఆసుపత్రివాళ్లు సంతకం చేయమని కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. పెన్ను పట్టుకోగానే చేయి వణికింది. నర్సు పాపం, కాసేపాగి చేస్తారా అమ్మా అని అడిగింది. వద్దన్నాను. మొదటి అక్షరం రాశాను, తర్వాత దాని పక్కది. సంతకం వంకరటింకరగా వచ్చింది, కానీ నేనే పెట్టాను.