రంగులు తెలియని రంగుల సారు

ఆ రోజుల్లో, తెలిసిన నాలుగు ముక్కలు గట్టిగా చెప్పి తెలియనిదాన్ని కడుపులో దాచుకుంటే ఉద్యోగం నిలబడుతుందని నా నమ్మకం. నేను దాచుకున్నది చిన్నదేం కాదు. నా కంటికి ఎరుపూ ఆకుపచ్చా ఒకే తల్లి బిడ్డల్లా కనిపిస్తాయి. వేరే ఇంట్లో పుట్టి ఉంటే ఎవరికీ పట్టేది కాదు. మా బాపుకేమో వరంగల్ చౌరస్తా దగ్గర మ్యాచింగ్ సెంటర్ ఉండేది (చీర చూపిస్తే సరిగ్గా ఆ రంగు జాకెట్టు గుడ్డ తీసి ఇవ్వాలి, అదే వ్యాపారం). నెక్కొండ నుంచి ఆకుపచ్చ పెళ్లిచీర పట్టుకొచ్చిన ఒకమ్మకు నేను ఇటుక రంగు గుడ్డ మీటరు చింపి చేతిలో పెట్టాను. "పని మీద ధ్యాస లేదురా నీకు! రేపటి సంది దుకాణం మెట్లెక్కకు" అన్నాడు బాపు. ధ్యాస ఉంది, లోపం కళ్లలో ఉందని చెప్పడానికి నాకు సిగ్గేసింది.

పోయి పోయి హనుమకొండలో చిన్నపిల్లల బడిలో పడ్డాను. "పిల్లలకు ఆటలతోని రంగులు, వరుసలు నేర్పాలె. మూడు నెలలు చూస్త, నచ్చితే ఉంచుకుంట" అంది పెద్ద మేడం. ఒప్పుకున్నాను! క్రేయాన్ల మీద చుట్టిన కాగితంలో రంగు పేరు ఉంటుంది కదా, అది చదివి నెట్టుకొచ్చాను. (నన్ను చూసి పిల్లలు కూడా క్రేయాన్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని చూసి గానీ రంగు వేసేవాళ్లు కాదు.)

మూడో నెల చివర తల్లిదండ్రులు వచ్చి చూసే రోజు పెట్టారు. నా ఉద్యోగం తేలేది ఆ రోజే. ఆట ఏమిటంటే గుడ్డముక్కలతో రైలు కట్టడం: ఒక డబ్బా ఎరుపు, ఒక డబ్బా ఆకుపచ్చ. దుకాణంలో మిగిలిన పేలికలను అమ్మ రంగుకొకటిగా రెండు మూటలు కట్టింది. వాటిని మోసుకొచ్చింది మాత్రం బాపు. వచ్చినవాడు పోకుండా తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇంతలో కోపం ముక్కు మీదుండే నాలుగేళ్ల పాప, మేం మిర్చి అని పిలిచే పిల్ల, రెండు మూటలూ విప్పి చాప మీద ఒకే కుప్పగా పోసింది.

దేవుడి మీద భారం వేసి నాలుగు ముక్కలు వరుసగా పెట్టాను. పిల్లలు పడీ పడీ నవ్వారు.

"సారు అన్నీ ఎర్రయే పెట్టిండు!" అంది మిర్చి.

"అవునా? మరి పచ్చది ఏదో మీరే చూపియ్యండి" అన్నాను. ఆ ప్రశ్న నిజంగా తెలియకే అడిగాను. పిల్లలు నా మీదెక్కి, ఒకరి చేయి ఒకరు లాగి, కొట్టుకుని, గోడ నుంచి గోడకు రైలు కట్టేశారు. "తప్పు కాదు సార్, మల్ల పెట్టుండ్రి" అని మిర్చి నాకు ధైర్యం కూడా చెప్పింది. పెద్ద మేడం ముఖం వెలిగిపోయింది. "చూసిన్రా? ఎరుక లేనట్టే నటించి, పిల్లలతోనే చెప్పిచ్చిండు!" అంది. ఉద్యోగం ఖాయమైంది.

బాపు మాత్రం నవ్వలేదు. ఇంటికి పోతుంటే సగం దారిలో బండి ఆపాడు.

"నువ్వు నటించలే గదరా?"

"లేదు బాపూ. నాకు కనబడది."

"మరి నాకు చెప్పాలె గదరా. నిన్ను ఉత్తగనే తిట్టిన" అన్నాడు, వెనక్కి తిరగకుండానే. నాకు ఏడుపొచ్చింది.

అప్పటి నుంచి ప్రతి దసరాకూ బాపు నాకు చొక్కా కొని, జేబులో రంగు పేరు రాసిన చిట్టీ పెడతాడు. ఇప్పటికీ అదే బడిలో ఉన్నాను. ప్రతి ఉదయం "నా చొక్కా ఏ రంగు?" అని పిల్లలను అడిగి చిట్టీతో సరిచూసుకుంటాను (వాళ్లు అది పాఠమనుకుంటారు). ఈ మధ్య బాపు కళ్లకు శుక్లాలు వచ్చాయి. మొన్నటి దసరా చిట్టీలో వంకర అక్షరాలతో 'నీలం' అని ఉంది. పిల్లలంతా ఒక్క గొంతుతో "వంకాయ రంగు సార్!" అన్నారు.

బాపు అడిగితే నీలం చొక్కా బాగుందని చెప్పాను. ఎవరడిగినా అది నీలమే అంటున్నాను.