నా నోరు మూయించిన ప్లీడరు గారు

ప్లీడరు గారి సంతాప సభలో తొమ్మిది మంది మాట్లాడారు. వాళ్లలో ఆయన చేత కేసు వాదించుకున్నవాడు ఒక్కడూ లేడు. నేను రెండో వరసలో కూర్చుని రెండుసార్లు చెయ్యెత్తాను. మైకు నా మీదుగా వెళ్లిపోయింది. అక్కడ చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్త. ఆగిరిపల్లి దగ్గర మా తోటకీ పక్క తోటకీ మధ్య గట్టు మీద ఒక చిన్నరసం మామిడి చెట్టు ఉండేది. అది నాదని నేను, తనదని పక్క తోట రైతు. హద్దు కొలిపించమని సర్కారుకి ఆరేళ్లుగా అర్జీలు పెడుతున్నాను, జవాబు లేదు. ఆ వేసవిలో కాయ ముదిరింది. కూలీలను పెట్టి కోయించాను. మర్నాడే ఆయన నా మీద దొంగతనం కేసు పెట్టాడు. నూజివీడు మార్కెట్లో పదిమంది ఎదుట "మామిడికాయల దొంగ" అన్నాడు. శిక్ష పడితే ఆ పేరు కోర్టు ముద్రతో సహా నాకు అంటుకుపోతుంది. నా భయమంతా అదే.

స్టేషన్‌లో హెడ్డు కానిస్టేబులు తెల్లకాగితం ముందుకు తోశాడు. "ఓ సంతకం పడేసి వెళ్లండి. మిగతాది మేం రాసుకుంటాం."

"ఖాళీ కాగితం మీద నేనెందుకు పెడతానండీ? నా సంగతి నేనే రాసిస్తాను" అన్నాను.

దాంతో ఆ రాత్రి నన్ను అక్కడే ఉంచేశారు. మర్నాడు మా బావ ప్లీడరు గారిని పట్టుకుని బెయిలు తెప్పించి, తనే జామీను ఉన్నాడు. ఆ రాత్రి కూర్చుని ఎస్సైకి అయిదు పేజీలు రాశాను. తెల్లవారి వాటిని ప్లీడరు గారికి చూపించడానికి వెళ్తే గంటన్నర అరుగు మీద కూర్చోబెట్టారు. లోపల అందరికీ కాఫీ వెళ్లింది, నాకు రాలేదు. అది నేను మరిచిపోలేదు.

ఆయన అయిదు పేజీలూ చదివి కళ్లజోడు తీశారు.

"ఇదేంటండీ, 'అడ్డమొస్తే చెయ్యి విరగ్గొట్టేవాణ్ణి' అని రాశారు?"

"నిజమే కదండీ. దాచడం దేనికి?"

"వాళ్లు దొంగతనం ఒక్కటే పెట్టారు. కొట్లాట మీరే కలుపుతున్నారు. నాకు పని పెంచుతున్నారు, సంతోషం."

గుమస్తా కిసుక్కున నవ్వాడు.

"మరి నా మాట ఎవరు వింటారండీ?"

"వినాల్సిన చోట నేను వినిపిస్తాను. అప్పటిదాకా కేసు గురించి ఎవరితోనూ ఒక్క ముక్క అనకండి, రాయకండి. స్టేషన్‌కి పిలిస్తే మర్యాదగా వెళ్లండి. ఏమడిగినా, ప్లీడరుతో మాట్లాడి చెప్తాననండి. వాయిదా మాత్రం తప్పకూడదు."

"కోతల్లో పడితేనో?"

"కాయ రాలితే రాలనివ్వండి. వారంటు రానివ్వకండి."

అప్పుడాయన అడిగారు: "చెట్టు మీదేనని కేసుకి ముందు ఎక్కడైనా అన్నారా?"

అన్నానా! మధ్యాహ్నానికల్లా రేకుపెట్టె మోసుకొచ్చాను. పదిహేడు అర్జీల కార్బన్ కాపీలు, పోస్టాఫీసు రసీదులు. మండలాఫీసులో బంట్రోతు నన్ను చూడగానే "అర్జీల బాబాయి వచ్చాడు" అనేవాడు. "మీ కాగితాలు పాత తాలూకాఫీసులోనే ఉండిపోయాయండీ" అని పంపేసేవారు. ప్లీడరు గారు మాత్రం ఒక్కొక్కటీ చదివి, తేదీల వరసన పెట్టి, దారంతో కుట్టించారు. నా రాతను అంత శ్రద్ధగా చదివిన మనిషి మరొకరు లేరు.

రెండేళ్లు నోరు మూసుకున్నాను. మార్కెట్లో పక్క తోటాయన "ఏం బాబాయ్, ఈ ఏడు ఎవరి చెట్టు మీద పడతావ్?" అంటే వినపడనట్టే నడిచాను. నాలాంటివాడికి అదే పెద్ద శిక్ష.

వాదన రోజున ప్లీడరు గారు ఆ కుట్టిన కట్టను జడ్జి గారికి అందించి ఒక్కటే అడిగారు. "చెట్టు నాదని ఆరేళ్లుగా సర్కారుకి మొత్తుకుంటూ, పట్టపగలు కూలీలను పెట్టి కోయించినవాడు దొంగెలా అవుతాడండీ?" కేసు కొట్టేశారు. ఆ అయిదు పేజీలు ఎస్సైకి చేరి ఉంటే కొట్లాట కేసులో కూడా ఇరుక్కునేవాణ్ణి. ఆయన ఉన్నన్నాళ్లూ ప్రతి వేసవిలో మా తొలి గంప ఆయన ఇంటికే వెళ్లింది.

అయితే తీర్పులో "తనదని నమ్మి కోశాడు" అని ఉంది. తనదే అని లేదు. ఆ సంగతి అడిగితే, "అది ఈ కోర్టు పని కాదండీ, కొలిచేవాళ్ల పని" అన్నారాయన.

కొలిచేవాళ్లకు అప్పటినుంచీ రాస్తూనే ఉన్నాను. ఇప్పుడా కుర్చీలో ఉన్న సర్వేయరు గారూ, ఇది మీకే. కొలత గొలుసు పట్టుకుని రండి. ఆ చెట్టు నా హద్దులో ఉందో, పక్క తోటాయన హద్దులో ఉందో కొలిచి చూసి, కింద సంతకం పెట్టి జవాబివ్వండి.