ఆపరేషన్ థియేటర్‌లో ఆగమన్నదెవరు?

దయ్యాలంటే నాకు నవ్వొస్తుంది. ఇప్పటికీ నమ్మను. ఇది చదివి నన్ను ఆ జట్టులో కలపకండి.

నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. మధురానగర్‌లో ఉంటాను. నలభై దాటాక రెండు చెవులూ మొరాయించాయి. పిట్టల కూతలు, కుక్కర్ విజిల్, ‘స’కీ ‘ష’కీ తేడా, ఒక్కొక్కటే పోయాయి. మంద్రంగా ఉండేవే మిగిలాయి. బస్సు ఇంజను, డప్పు, మా ఆయన గొంతులో గరగర. చెవి మిషన్ పెట్టుకున్నా మాటలు అర్థమయ్యేవి కావు.

బంజారా హిల్స్‌లో డాక్టరమ్మ కాక్లియర్ ఇంప్లాంట్ చేయాలన్నారు. మాటలు మళ్ళీ తెలిసేలా లోపలి చెవిలోకి సన్నటి తీగ పంపుతారు. ఆ తీగ ఒరుసుకుంటే, మిగిలిన ఆ కాస్త వినికిడీ పోవచ్చట.

“అది నాదండీ. దాన్ని కాపాడతానంటేనే చేయించుకుంటాను,” అన్నాను.

“ఆ కాస్తా ఉంటే ఎంత, పోతే ఎంత? మొండికేయకే,” అంది మా అక్క.

మొండికేశాను. మెత్తటి తీగ వాడతామని, చెవి స్పందనను యంత్రంలో చూసుకుంటూ నెమ్మదిగా పంపుతామని డాక్టరమ్మ అన్నాకే ఒప్పుకున్నాను. ఆవిడ కూడా ప్రయత్నిస్తానన్నారే తప్ప మాటివ్వలేదు.

ఆ ఉదయం మిషన్లు తీసేసి మత్తిచ్చారు. ఆ మత్తులో ఒక మగ గొంతు స్పష్టంగా వినిపించింది.

“ఆగు బిడ్డా. జర ఎనకకు రా.”

అది సత్తన్న గొంతు. కృష్ణానగర్‌లో నాకు డబ్బింగ్ నేర్పిన మనిషి. టేక్ చెడితే అదే మాట అనేవాడు. ఆయన పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది.

కల అనుకున్నాను. ఇంప్లాంట్ ఆన్ చేసి, మాటలు తెలియడం మొదలయ్యాక పరీక్షకు వెళ్ళాను. మంద్ర శబ్దాలు చెక్కుచెదరలేదన్నారు డాక్టరమ్మ. ఆ సంతోషంలో నవ్వుతూ కల సంగతి చెప్పాను.

ఆవిడ నవ్వలేదు.

“తీగ సగం వెళ్ళాక నాకూ ఎవరో ఆగమన్నట్టు వినిపించిందండీ. మగ గొంతే. వెనక మేల్ నర్సు ఉన్నాడనుకుని ఆగాను. చూస్తే యంత్రంలో స్పందన పడిపోతోంది. తీగ కొంచెం వెనక్కి తీశాక మళ్ళీ వచ్చింది. కానీ ఆ రోజు లోపల అందరం ఆడవాళ్ళమే.”

డాక్టరమ్మే ఏదో అని ఉంటుంది, అదే నీకు వినపడిందంటాడు మా ఆయన. మిషన్ లేకుండా ఎదురుగా అరిచినా నాకు మాట తెలియదు. పైగా ఆవిడది రాజమండ్రి. ‘ఎనకకు’ అని ఆవిడ జన్మలో అని ఉండరు.

సత్తన్న ఆత్మే కాపాడిందంటుంది అక్క. ఒప్పుకోను. నేను పట్టుబట్టాను, డాక్టరమ్మ చెయ్యి ఆపారు, నా వినికిడి నాకు దక్కింది. ఆగమన్నదెవరో నాకు తెలియదు. తెలిసినట్టు నటించను.