కాన్పు గదిలో రోకటి పాట

కరోనా తగ్గిన మరుసటి ఏడు వానాకాలంలో, సూరత్‌లో నేను చేసే ఆసుపత్రిలో నన్ను కాన్పు గదికి మార్చారు. మా ఆయన మగ్గాల కార్ఖానాలో పనిచేస్తూ పోయాక పట్టిన ఆయా పని ఇది. ఆ గదిలో డాక్టరమ్మ తరువాత సిస్టర్, సిస్టర్ తరువాత ఆయా. గుడ్డలు మార్చడం, కాలు పట్టుకోవడం మా పని. నొప్పుల గురించి చెప్పేది మేం కాదు.

ఒక పగలు, ఇక్కడ చదువుకుంటున్న ఆఫ్రికా అబ్బాయి భార్య చేరింది. తొలి కాన్పు. హిందీ రాదు. గర్భసంచి నోరు పూర్తిగా తెరుచుకున్నాక నొప్పి వచ్చినప్పుడే ముక్కాలి, మధ్యలో ఊపిరి తీసుకోవాలి. ఆమె ఆగకుండా ముక్కి బలమంతా పోగొట్టుకుంది. బిడ్డ దిగడం లేదు, అరగంట చూసి ఆపరేషన్ చేద్దామని డాక్టరమ్మ అంది.

అప్పుడు ఆమె కళ్లు మూసుకొని "ఎలెలే" అనడం, ఆగడం, మళ్లీ "ఎలెలే" అనడం మొదలుపెట్టింది.

"సోయి తప్పినట్టుంది మాసీ, చుప్ చేయి," అంది సిస్టర్. మా సిరిసిల్ల వాళ్ల పిల్లే, పుట్టింది ఇక్కడ.

"సోయి తప్పలేదు బిడ్డా, పాడుతున్నది. జర ఆగు."

నేనూ ఆమెతో కలిపి "ఎలెలే" అన్నాను.

"నీ బొంగురు గొంతుకు లోపలున్నది జడుసుకుంటది," అంది సిస్టర్.

ఆ అమ్మాయి కూడా వద్దని చెయ్యి ఊపింది. ఆమె వంతులో దూరానని అప్పుడు తెలిసింది. చిన్నప్పుడు ఒకే రోట్లో ఇద్దరం వడ్లు దంచుతుంటే, నా రోకలి తన వంతులో పడితే మా అమ్మ ఇట్లాగే కసిరేది. ఈసారి ఆమె ఆగినచోట "సువ్వి" అన్నాను. నాకొచ్చిన దంపుడు పాట మాట అదే. ఆమె తల ఊపింది. నొప్పి వచ్చినప్పుడు తన మాట అని ముక్కేది, నా మాటకు ఊపిరి పీల్చేది. నొప్పి పోతే ఇద్దరం ఊరుకునేవాళ్లం. కాసేపటికి సిస్టర్ కూడా నాతో గొంతు కలిపింది. అరగంట నిండకముందే ఆడపిల్ల పుట్టింది.

మర్నాడు ఆ మాటకు అర్థమేమిటని భర్తను అడిగాను.

"అర్థమేమీ లేదు ఆంటీ," అన్నాడు వచ్చీరాని హిందీలో. "మా ఊళ్లో ఆడవాళ్లు జొన్నలు దంచేటప్పుడు అంటారు. ఒకరు అంటే ఇంకొకరి రోకలి లేవాలి. లేకుంటే రెండూ కొట్టుకుంటాయి."

"మరి అర్థం లేదంటావేంది? నా వంతు అయింది, ఇగ నీది అని."

అతను ఆలోచించి, ఒక్కరే ఉన్నప్పుడు ఎవరూ దాన్ని పాడరని చెప్పాడు.

రిటైరయ్యేదాకా అదే గదిలో చేశాను. ఎవరేం గొణిగినా ముందే నోరు మూయించలేదు, ఎక్కడ ఆగుతున్నారో విన్నాను. చాలామందిది ఊరికే బాధ, నేను బదులు పలకాల్సిందేమీ లేదు. అయినా కొత్త ఆయాలకు అదే చెప్పాను: మాట తెలియకపోతే, ఆగినచోట ఎవరి కోసం చూస్తోందో కనిపెట్టమని.