నాయనమ్మ రెండో కాలు

నా చిన్నప్పుడు జహీరాబాదులో ఎవరికి ఏ బొమ్మ కావాలన్నా ఒక్క మనిషి దగ్గరికే పోయేవారు. పిల్లలం ఆయన్ని బొమ్మల మామ అనేవాళ్లం. బొంబాయి సడక్ మీద ఆగిన లారీల వెనక పులులు, నెమళ్లు వేసేవాడు. దుకాణాల బోర్డులు తెలుగులోనూ ఉర్దూలోనూ రాసేవాడు. పెళ్లివారి గోడలకు ఏనుగులు, పసిపిల్లల తొట్టెలకు చెక్క చిలకలు, పొలాల అమావాస్యకు మట్టి ఎడ్లు, క్రిస్మసుకు చర్చి వాళ్లకు కాగితపు చుక్క, పీర్ల పండుగకు రేకు పూలు. ఆయన చెయ్యి పడని వస్తువు లేదు. అయినా ఊళ్లో పెద్ద పేరేమీ లేదు. ఇన్ని పనులు చేసేవాడికి ఏ పనీ పూర్తిగా రాదని మా మేనత్త తీర్పు చెప్పేసింది. మా ఇంట్లో ఆమె తీర్పుకు తిరుగు ఉండేది కాదు.

అప్పటికి మా దిక్కు ట్రాక్టర్ల కంపెనీ ఇంకా రాలేదు. నాకు తొమ్మిదేళ్లు. మూడో తరగతితో బడి మానిపించారు. రాయికోడ్ దారిలో మాకు కొంచెం అల్లం తోట ఉండేది. ఆ యేడు మా నాయిన అల్లం బస్తాలు ఎడ్లబండి మీద వేసుకుని పట్నం బయలుదేరాడు. పోవడానికి మూడు రోజులు, రావడానికి మూడు రోజులు. ఆయన పోయిన మర్నాడు పొద్దున మా నాయనమ్మ నిద్ర లేవలేదు. దారిలో ఉన్న బండికి కబురు ఎట్లా పోతుంది? నాయిన వచ్చేదాకా ఉంచగూడదన్నారు పెద్దలు. ఆయన వచ్చేసరికి అన్నీ ముగిసిపోయాయి. వాకిట్లో ఆమె నులకమంచం ఒక్కటే ఖాళీగా ఉంది.

మా నాయిన ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేదేమో. పదిహేను రోజుల తర్వాత అన్నం ముందు కూర్చుని మా అమ్మతో మెల్లగా అన్నాడు.

"కండ్లు మూస్తే అమ్మ మొకం వస్తలేదే. చీర వస్తున్నది, చేతికట్టె వస్తున్నది. మొకం వస్తలేదు."

సగం అన్నం వదిలేసి లేచాడు. మెతుకు కింద పడితే ఏరుకుని తినే ఇల్లు మాది. ఆ ఇంట్లో పళ్లెంలో అన్నం మిగలడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. తర్వాత రోజూ మిగిలింది. మనిషి దవడలు లోపలికి పోయాయి. తోటకు పోవడం కూడా మానేశాడు.

ఫోటో ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. బజారులో ఫోటోల దుకాణం ఉంది కూడా. కానీ మా నాయనమ్మ ఎప్పుడూ తియ్యనియ్యలేదు. "నా మొకం మీరు రోజు చూస్తలేరా? దానికో కాయితం దండుగ," అనేది. ఆమె పొదుపే నాకూ వచ్చిందని అంటారు. రానీ, మంచిదే.

చివరికి మా అమ్మే బొమ్మల మామను పిలిపించింది. ఆయన ముందు పలక మీద సుద్దతో గీశాడు. అది కుదరకపోతే గోడ మీద బొగ్గుతో గీశాడు. అదీ కుదరక, మా అమ్మను అడిగి జొన్నపిండి ముద్ద తీసుకుని ముఖం చేసి చూశాడు. మూడు రోజులు ఇదే పని. ఆయన గీస్తుంటే మా వాళ్లు చుట్టూ కూర్చుని చెప్పేవాళ్లు.

"ముక్కు గంత పొడుగెక్కడిదన్నా? అచ్చం నా ముక్కే ఉండె," అనేది మేనత్త.

"నీది మీ నాయిన ముక్కు, వదినె," అనేది మా అమ్మ. "అత్తమ్మ చెవులు జర జారి ఉండె, గెంటీల బరువుకు."

నాయిన గోడకేసి చూసి తల అడ్డంగా ఊపేవాడు. "ఇది ఎవరో ముసలామె. మా అమ్మ గాదు."

"లారీ మీద పులిని గీసినంత అల్కగ అనుకున్నవా?" అని మేనత్త ఎత్తిపొడిచింది.

"పులి వచ్చి ఇది నా ముక్కు గాదనదు గద అక్కా," అన్నాడు ఆయన, బొగ్గు తుడుచుకుంటూ. నవ్వాడు గానీ, ఆ నవ్వులో ఓడిపోయిన మనిషి కనబడ్డాడు.

వాళ్లు అట్లా వాదించుకుంటుంటే నేను నాయనమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాను. ఉన్నట్టుండి బొమ్మల మామ మాట ఆపి నా వైపు చూశాడు. నా ముఖం వైపు కాదు, చేతుల వైపు. అప్పుడు నేనూ చూసుకున్నాను. నాకు తెలియకుండానే రెండు చేతులతో మంచం కోడును పిసుకుతున్నాను.

"ఏం చేస్తున్నవ్ బిడ్డా?"

సిగ్గుతో చేతులు వెనక్కి తీసుకున్నాను. రోజూ సాయంత్రం ఆ మంచం పక్కన అదే చోట కూర్చుని నాయనమ్మ కాళ్లు పిసకడం నా పని అని చెప్పాను. నాలుగేళ్లు చేశాను. ఇష్టంగా చేశానని అబద్ధం చెప్పను. తిట్టుకుంటూ చేశాను.

మర్నాడు ఆయన వాగు మట్టి తెచ్చాడు, పిల్లల ఎడ్లకు తెచ్చే నల్లమట్టే. పొట్టు కలిపి, తడిపి, రెండు ముద్దలు చేశాడు. నాయిన ఇంట్లో లేని పొద్దు చూసి నన్ను అదే చోట కూర్చోబెట్టి, తన తువ్వాలతో నా కళ్లకు గంతలు కట్టాడు. మేనత్త పొయ్యి దగ్గర నుంచి ఏదో గొణిగింది. ఆయన పట్టించుకోలేదు.

"మొకం సంగతి యాది చెయ్యకు. నీ పని నువ్వు చెయ్యి. యాడ తేడా వస్తే ఆడ చెప్పు."

మట్టి మీద చేతులు వేశాను. మొదట అది మట్టే. చల్లగా ఉంది, ఆమె కాళ్లు వెచ్చగా ఉండేవి. ఆయన ఒక పక్క అద్దుతూ, ఒక పక్క గిల్లుతూ పోయాడు. కొంతసేపటికి నా బొటనవేలు తనంతట తానే ఒకచోటికి పోయి ఆగింది. "ఈడ గుంత ఉంటది," అన్నాను. ఆయన గుంత చేశాడు. "మడిమ ఇంకా లావు." మడిమ లావైంది. రెండో వేలి మొదట్లో గాడి ఉండాలన్నాను. తాతయ్య పోయినప్పుడు మట్టెలు తీసేశారు గానీ, వాటి గాడి పోలేదు. ఆ గాడి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నా కళ్లకు కూడా తెలియదు. చేతికి తెలుసు.

కుడికాలు అయింది. రెండో ముద్ద ముందుకు జరిపాడు. నేను చెయ్యి వెయ్యలేదు.

గంతల లోపల కళ్లు తడిసిపోయాయి. ఇంట్లో ఎవరికీ చెప్పని మాట అప్పుడు ఆయనకు చెప్పాను. నాయిన పట్నం పోయిన సాయంత్రం నేను కుడికాలు ఒక్కటే పిసికాను. ఇదే బొమ్మల మామ సడక్ మీద కొత్త లారీకి నెమలి వేస్తున్నాడని పక్కింటి అక్క పిలిచింది. "ఇంకొక కాలు ఉన్నది గదనే," అంది నాయనమ్మ. "రేపు," అని ఉరికాను.

ఆయన నీ తప్పు లేదని అనలేదు, తప్పని కూడా అనలేదు. తర్వాత నా రెండు చేతులు పట్టుకుని ముద్ద మీద పెట్టాడు.

"మట్టి ఇంకా పచ్చిగనే ఉన్నది బిడ్డా. పిసుకు."

పిసికాను. ఎద్దు తొక్కి వంకరపోయిన చిటికెన వేలు దాకా, ఒక్క చోటు వదలకుండా పిసికాను. ఆయన పొద్దెక్కేదాకా తొందరపెట్టకుండా కూర్చున్నాడు.

నీడకు ఆరబెట్టి, కుమ్మరి ఆవంలో కాల్పించి, ఎర్ర జాజు పూసి తెచ్చాడు. కాల్పులో ఎడమ మడిమ పగిలింది. మళ్లీ చేస్తానన్నాడు ఆయన. మేనత్త వంగి చూసి, "వద్దన్నా. అమ్మ మడిమెకు గా పగులు ఉండనే ఉండె," అంది. ఆమె నోట ఒక పని బాగుందన్న మాట నేను విన్నది ఆ ఒక్కసారే.

సాయంత్రం నాయిన వచ్చాడు. మంచం ముందు పీట మీద పెట్టిన పాదాలను చూసి నిలబడిపోయాడు. ఊరికి పోయేముందు ఎట్లా వంగేవాడో అట్లాగే వంగి, రెండు చేతులతో ముట్టుకుని, కళ్లకు అద్దుకున్నాడు. తల పైకెత్తి, ఖాళీ మంచం మీద మనిషి కూర్చుంటే ముఖం ఉండే ఎత్తుకు చూశాడు. ఆమె ఎప్పుడూ ఆయన తల మీద చెయ్యి పెట్టి దీవించే ఎత్తు అది.

"కనవడ్డదే," అన్నాడు మా అమ్మతో. "మొకం కనవడ్డది."

అప్పుడు ఏడ్చాడు. చాలాసేపు ఏడ్చాడు. రాత్రి పళ్లెంలో ఒక్క మెతుకు మిగల్చలేదు.

బొమ్మల మామ వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర మేనత్త అడిగింది, గిట్ల చెయ్యాలని నీకెట్ల తోచిందన్నా అని. ఒక వస్తువు పలకకపోతే ఇంకోదాన్ని అడుగుతానన్నాడు. సుద్దను అడిగాను, బొగ్గును అడిగాను, పిండిని అడిగాను, చివరికి పిల్ల చేతుల్ని అడిగాను అన్నాడు. నూరు పనులు ఎందుకు పట్టుకుని తిరుగుతాడో నాకు ఆ రోజు అర్థమైంది. నేను కూడా ఏ వస్తువునూ నాలుగు విధాల అడిగి చూడనిదే పారెయ్యను. కోడళ్లు పిసినారి అంటారు. అననీ.

ఆ పాదాలు ఇప్పటికీ మా ఇంటి గూట్లో ఉన్నాయి. జాజు వెలిసిపోయింది, పగులు అట్లాగే ఉంది. సాయంత్రాలు నా మనవరాలు నా కాళ్లు పిసుకుతుంది, ఒక చేత్తో. రెండో చేతిలో ఫోను. దాంట్లో నా ఫోటోలు వందలున్నాయట. ఉండనీ. ఆ ఫోను తీసి పక్కన పెట్టిస్తాను, రెండు చేతులూ పెట్టమంటాను. నా మోకాళ్ల నొప్పి కోసమే అనుకుంటుంది పిల్ల.

ఒక కాలు కాగానే లేవబోతుంది. రేపు పిసుకుతా అవ్వా, అంటుంది. నేను రెండో కాలు ముందుకు చాపుతాను.