ఐసీయూలో ఇంటి పిలుపు

ఆస్పత్రిలో ఈమెను అందరూ పలకరింపు సిస్టర్ అంటారు. వయస్సు నలభై ఎనిమిది సంవత్సరాలు. ఈ ఆస్పత్రి కార్యాలయంలో ఉత్తరాలకు సాపు ప్రతులు రాసే నేను ఈమెను పంతొమ్మిది సంవత్సరాలుగా ఎరుగుదును. అందులో మొదటి పదహారు సంవత్సరాలు మా పరిచయం కాగితాలకే పరిమితం: సెలవు చీటీ, డ్యూటీ మార్పు, ఒక నమస్కారం.

ఇక వైద్యం వల్ల ప్రయోజనం లేదని డాక్టర్లు చెప్పిన రోగులను ఐసీయూలో ఈమెకే అప్పగిస్తారు. ముట్టుకునే ముందు అరచేతులు రుద్దుకొని వెచ్చజేసుకుంటుంది. ఎండిన పెదవులను తడి దూదితో అద్దుతుంది. బంధువులు లోపలికి రాగానే మానిటరును గోడవైపు తిప్పుతుంది, అంకెలు మాని ముఖం చూస్తారని. ఇవన్నీ తక్కిన నర్సులూ నేర్చుకున్నారు. ఆపైన ఈమె ఒక్కతే చేసే పని ఇంకొకటి ఉంది. రోగిని ఇంట్లో ఏమని పిలుస్తారో కనుక్కొని, ఆ పిలుపుతోనే పిలుస్తుంది.

దానికి కారణం ఒకసారి చెప్పింది. తాను నర్సింగు చదువుతున్న రోజుల్లో తల్లి వేరే ఊరి ఆస్పత్రిలో పోయింది. ఈమె చేరేసరికి మంచం ఖాళీ.

"అక్కడ అమ్మను ఏడో మంచం అనేవాళ్ళట బాబాయిగారూ. మా నాన్న పిలిచినట్టు బంగారూ అని ఒక్కరు పిలిచినా కళ్ళు తెరిచేదేమో. ఆ చూపు ఎవరి మీద పడినా నాకు చాలు."

ఇన్నేళ్ళయినా ఏ వార్డులోనైనా ఏడో మంచం దాటేటప్పుడు ఈమె నడక ఒక్క క్షణం ఆగుతుంది.

మూడేళ్ళ క్రితం నా భార్య అదే ఐసీయూలో చేరింది. ఆమె కళ్ళు తెరవడం మానేసిన రెండో రోజు మధ్యాహ్నం సిస్టర్ నా బెంచీ దగ్గరకు వచ్చింది.

"పిన్నిగారిని ఇంట్లో ఏమని పిలుస్తారు బాబాయిగారూ?"

"పేరు కేస్ షీటులో ఉంది కదమ్మా."

"ఆ పేరుకు పలకట్లేదండీ. మీరేమంటారు?"

నాకు సిగ్గు వేసింది. "ఇదిగో అంటాను."

"నలభై ఏళ్ళూ ఇదిగోయేనా?"

"కోపమొస్తే, ఇదిగో నిన్నే."

"భలేవారే! రండి, వచ్చి పిలవండి."

వెళ్ళాను గాని మంచం కడ్డీ పట్టుకొని నిలబడిపోయాను. సిస్టరే వంగి, అచ్చం నా ధోరణిలో, "ఇదిగో... ఇదిగో, నిన్నే" అన్నది. నా భార్య కళ్ళు తెరిచింది. పిలిచిన మనిషిని దాటి నా కోసం వెతికింది. అప్పుడు నేనూ పిలిచాను. మర్నాడు ఉదయం ఆమె కాలం చేసింది. ఈనాటికీ కళ్ళజోడు కనబడకపోతే ఆ మాట నోటిదాకా వస్తుంది. వంటగది తలుపు వైపు చూసి ఊరుకుంటాను.

గత నెలలో ఒక విశ్రాంత ప్రిన్సిపాలుగారు చేరారు. ఇంక కొన్ని గంటలే అన్నారు. తుంటి విరిగి కదలలేని ఆయన అక్కగారు ఫోను చేసి, "నా మాటగా వాడి చెవిలో చెప్పమ్మా" అని బతిమాలుకున్నారు. సిస్టర్ వంగి, "ఒరేయ్ బుడంకాయ్, అక్కనురా, భయపడకు" అన్నది. ఆయన పెదవి కదిలింది. సరిగ్గా అప్పుడే కుమారుడు లోపలికి వచ్చాడు.

"ఏంటమ్మా ఇది! మా నాన్నగారిని పట్టుకుని ఒరేయ్ అంటారా?"

"నేననలేదండీ, మీ అత్తయ్యగారన్నారు. నోరు మాత్రమే నాది."

"ఆవిడ అనొచ్చు. మీరెవరు?"

సిస్టర్ పక్కకు జరిగి కుమారుడికి చోటిచ్చింది. ఫిర్యాదు వచ్చింది. రోగిపట్ల అమర్యాద కారణంగా ఈమెను ఒకటో తేదీ నుండి బట్టల స్టోరుకు మార్చుతూ ఉత్తర్వు వెలువడింది. దాని సాపు ప్రతి రాసినది నేనే. ఒకే కాగితాన్ని మూడుసార్లు పాడుచేసి తిరగరాయడం నా ఉద్యోగంలో అదే మొదలు.

"దస్తూరి ముత్యాల్లా ఉంది బాబాయిగారూ" అని నవ్వింది. "అక్కడ దుప్పట్లను కూడా ఒసేయ్ అంటానేమో, చూసుకోండి." తర్వాత అద్దాల తలుపు వైపు తిరిగింది. "మూడో మంచంలో ఒకావిడ ఉంది. ఇంటివాళ్ళింకా రాలేదు. ఏమని పిలుస్తారో అడిగేలోపే నన్ను పంపేస్తారేమో."

ఆదివారం నేను ఆ అక్కగారి ఇంటికి వెళ్ళాను. విషయం చెప్పబోతే ఆవిడ అడ్డుపడ్డారు. "అదంతా తర్వాత నాయనా. వాడు విన్నాడా లేదా, ముందది చెప్పు."

పెదవి కదిలిందని చెప్పాను. ఆపైన ఉత్తర్వు సంగతి చెప్పాను. ఆవిడ నొప్పిని ఓర్చుకొని లేచి కూర్చొని, ఆ పిలుపు తన కోరికపైననే పలికినదని రాయించి సంతకం చేశారు.

కావున పాలనాధికారిగారికి సవినయంగా మనవి చేయునది: జతపరచిన వాంగ్మూలాన్ని పరిశీలించి, సదరు ఉత్తర్వును రద్దు చేసి, ఈమెను ఐసీయూలోనే కొనసాగించవలసినది. నిర్ణయం ఆలస్యమయ్యే పక్షంలో, మూడో మంచంలోని రోగి ఉన్నంతవరకైనా ఈమెను అక్కడ ఉండనివ్వవలసినదిగా ప్రార్థిస్తున్నాను.